వెన్నులో శనగగింజ

పన్నెండేళ్ల పిల్లవాడు నడుం నొప్పి అంటే పెద్దవాళ్లం ముందు నమ్మం. బడి సంచీ బరువనో, ఫోను పట్టుకుని వంకరగా పడుకున్నాడనో, హోంవర్కు ఎగ్గొట్టే ఎత్తనో తేల్చేస్తాం. చాలాసార్లు అదే నిజం కూడా. పిల్లల నడుం నొప్పుల్లో ఎక్కువభాగం కండరాల పట్టు. కొన్నాళ్లకు వాటంతటవే పోతాయి. అలా పోని కొద్దిమంది గురించి ఈ అధ్యాయం.

బవేరియాలో డాన్యూబ్ ఒడ్డున ఉన్న ఇంగోల్‌స్టాట్ అనగానే మనవాళ్లకు ఆడి కార్లు గుర్తొస్తాయి. ఆ ఊళ్లో ఉద్యోగం చేసుకుంటున్న ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకుందాం. ఇది ఏ ఒక్కరింటి కథా కాదు. వైద్య పత్రికల్లో పదేపదే కనబడే లక్షణాలన్నిటినీ ఒక పిల్లవాడి మీద పెట్టి చెబుతున్నాను, అంతే.

పిల్లవాడు పగలంతా బాగానే ఉంటాడు. బడికి వెళ్తాడు, ఫుట్‌బాల్ ఆడతాడు. రాత్రి రెండింటికి లేచి కూర్చుంటాడు. నడుములో ఒకే చోట, వేలు పెట్టి చూపించగలిగినంత కచ్చితంగా, నొప్పి. తల్లి ఇబుప్రోఫెన్ పట్టిస్తుంది. అరగంటకల్లా నిద్రపోతాడు. మర్నాడు రాత్రి మళ్లీ అదే వరస. గుంటూరు నుంచి నాయనమ్మ ఫోన్లో ధైర్యం చెబుతుంది: "ఎదిగే పిల్లాడమ్మా, ఎదుగుడు నొప్పులు. కాస్త నువ్వులనూనె రాసి కాపడం పెట్టు." "అలాగే అత్తయ్యా" అంటుంది కోడలు. నూనె రాస్తుంది, కాపడం పెడుతుంది. అయినా రాత్రి రెండయ్యేసరికి దీపం వెలుగుతూనే ఉంటుంది.

ఎదుగుడు నొప్పులు నిజంగానే ఉన్నాయి, పెద్దావిడ మాట తీసిపారేయాల్సింది కాదు. కాకపోతే అవి కాళ్లలో వస్తాయి. పిక్కల్లో, తొడల్లో, సాధారణంగా రెండువైపులా వస్తాయి, పొద్దున్నకు జాడ ఉండదు. వెన్నులో రావు. ఒకే చోట, ఒకేవైపు, వారాల తరబడి నిద్ర లేపే నొప్పికి ఆ పేరు పెట్టకూడదు.

జర్మనీలో పిల్లల ఆరోగ్య పరీక్షలకు ఒక క్రమం ఉంది. పుట్టిన రోజు నుంచి బడి ఈడు దాకా యూ1, యూ2 అంటూ వరసగా పరీక్షలు, వాటి ఫలితాలు రాసుకునే పసుపురంగు పుస్తకం. 12 నుంచి 14 ఏళ్ల మధ్య జే1 అనే పరీక్ష ఒకటి. మన దేశంలోనూ 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బళ్లలో, అంగన్‌వాడీల్లో పిల్లల్ని పరీక్షిస్తున్నారు. జే1కి వచ్చిన పిల్లవాణ్ణి డాక్టరు చొక్కా విప్పి నిలబడమంటుంది. భుజాలు సమంగా లేవు. మోకాళ్లు వంచకుండా, చేతులు జోడించి ముందుకు వంగమంటుంది. 1865లో విలియం ఆడమ్స్ అనే లండన్ సర్జన్ వర్ణించిన పరీక్ష ఇది. పరికరం అక్కర్లేదు, ఖర్చు లేదు. డాక్టరు వెనక కూర్చుని, తన కళ్లు పిల్లవాడి వీపు ఎత్తుకు తెచ్చుకుని చూస్తుంది. మామూలుగా టీనేజిలో వచ్చే స్కోలియోసిస్‌లో వెన్ను పక్కకు వంగడమే కాక మెలి కూడా తిరుగుతుంది కాబట్టి వంగినప్పుడు ఒకవైపు పక్కటెముకలు ఉబ్బి కనిపిస్తాయి. ఈ పిల్లవాడిలో ఆ మెలి అంతగా లేదు. పైగా సగం వంగేసరికే నడుం బిగుసుకుపోయింది, ముఖం ముడుచుకుంది.

అనుభవం ఉన్న డాక్టరు ఇక్కడ ఆగుతుంది. మామూలు స్కోలియోసిస్ పెద్దగా నొప్పి పెట్టదు, అదీ ఎక్కువగా ఆడపిల్లల్లో వస్తుంది. మగపిల్లవాడు, నొప్పి, బిగుసుకున్న కండరాలు, కొన్ని నెలల్లోనే వచ్చిన వంపు: ఇవన్నీ కలిస్తే వంపుకు వెనక ఇంకేదో ఉంది. అప్పుడు తల్లిని రెండు ప్రశ్నలు అడుగుతుంది. రాత్రిపూట ఎక్కువవుతుందా? మందు వేస్తే ఎంతసేపట్లో తగ్గుతుంది? ఇన్నాళ్లుగా ఆ తల్లి దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. నా ఉద్దేశంలో రోగనిర్ధారణ సగం ఇక్కడే అయిపోయింది. తర్వాత తీసే స్కాన్లు ఆ అనుమానాన్ని రుజువు చేయడానికే.

ఆ గడ్డ పేరు ఆస్టియాయిడ్ ఆస్టియోమా. 1935లో న్యూయార్క్‌లో హెన్రీ జాఫీ అనే పెథాలజిస్టు దాన్ని ప్రత్యేకమైన జబ్బుగా గుర్తించాడు. అంతకుముందు దాన్ని ఎముకకు పట్టిన చీముగానో, దీర్ఘకాలపు వాపుగానో లెక్కగట్టేవారు. దీని గుండెకాయ నైడస్. శనగగింజంత ఉంటుంది, మహా అయితే ఒకటిన్నర సెంటీమీటర్లు. అందులో సగం సగం గట్టిపడిన ఎముక పదార్థం, దాని నిండా సన్నని రక్తనాళాలు, నరాల కొసలు. చుట్టూ ఉన్న ఎముక మందంగా గట్టిపడుతుంది. క్యాన్సర్ కాదు. మరో అవయవానికి పాకదు. ఒక పరిమాణం దాటి పెరగదు కూడా. కాళ్ల ఎముకల్లో ఎక్కువ, ప్రతి పదిలో సుమారు ఒకటి వెన్నులో. వెన్నులో వచ్చినప్పుడు పూస ముందుభాగాన్ని కాకుండా, వెన్నుపాముకు వెనకవైపు కమానులా ఉండే ఎముకను పట్టుకుంటుంది. అందులోనూ నడుం పూసల మీద మక్కువ ఎక్కువ.

అంత చిన్న గడ్డకు అంత నొప్పి ఎందుకు? నైడస్‌లో ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే రసాయనం మామూలు ఎముకలో కన్నా వందల రెట్లు తయారవుతుంది. అది నరాల కొసల్ని రెచ్చగొడుతుంది, రక్తనాళాల్ని ఉబ్బిస్తుంది. ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్ ఈ రసాయనం తయారీనే ఆపేస్తాయి. బేయర్ కంపెనీ 1899లో ఆస్పిరిన్‌ను అమ్మకానికి పెట్టింది. అది ఎలా పనిచేస్తుందో 1971లో గానీ జాన్ వేన్ చెప్పలేకపోయాడు, దానికి 1982లో నోబెల్ వచ్చింది. మధ్యలో డెబ్బై ఏళ్ల పాటు డాక్టర్లు కారణం తెలియకుండానే ఆ మాత్రను వాడారు, ఈ గడ్డను పట్టుకోవడానికి కూడా వాడారు: రాత్రి నొప్పి ఆస్పిరిన్‌కు ఠక్కున తగ్గితే ఆస్టియాయిడ్ ఆస్టియోమా అని పాఠ్యపుస్తకాలు రాశాయి. ఇప్పుడు పిల్లలకు నొప్పికి ఆస్పిరిన్ ఇవ్వరు. 1963లో డగ్లస్ రై వర్ణించిన జబ్బుకు, అంటే జ్వరం తర్వాత మెదడు, కాలేయం ఒకేసారి దెబ్బతినే రై సిండ్రోమ్‌కు, ఆస్పిరిన్‌తో సంబంధం ఉందని తేలింది. అందుకే ఇబుప్రోఫెన్.

వంపు సంగతి. నొప్పి ఉన్న వైపు కండరాలు ఆ చోటును కదలనివ్వకుండా రాత్రింబవళ్లు బిగిసి ఉంటాయి. వెన్ను అటు వంగుతుంది. కాబట్టి గడ్డ ఎప్పుడూ దాదాపు వంపు లోపలివైపే, వంపు నడిమధ్యనే దొరుకుతుంది. రేడియాలజిస్టుకు ఇది మంచి ఆనవాలు. గడ్డ తీసేస్తే వంపు దానంతటదే సర్దుకుంటుంది, కానీ గడువుంది. లక్షణాలు మొదలై సుమారు పదిహేను నెలలు దాటితే, ఎదిగే వయసు పిల్లల్లో పూసలే ఆ ఆకారానికి అలవాటుపడతాయి, గడ్డ పోయినా వంపు మిగిలిపోవచ్చు. క్యాన్సర్ కాదు కదా, తీరిగ్గా చూద్దాం అనుకునే వీలు ఇక్కడ లేదు. కొన్నేళ్లపాటు మాత్రలు మింగుతూ ఉంటే ఈ గడ్డ కొందరిలో తనంతట తానే చల్లారిపోతుంది. కాలి ఎముకలో ఉంటే ఆ దారి ఎంచుకోవచ్చు. వెన్ను వంగుతున్న పిల్లవాడి దగ్గర అంత సమయం ఉండదు.

ఇంగోల్‌స్టాట్‌లో ఆడి ఫ్యాక్టరీకి దూరంగా, పాత ఊళ్లో ఒక భవనం ఉంది. ఆల్టె అనాటమీ, పాత శరీరశాస్త్ర భవనం. 1723లో పునాది వేశారు. బవేరియా మొదటి విశ్వవిద్యాలయం 1472 నుంచి ఈ ఊళ్లోనే నడిచింది; దాని వైద్య విద్యార్థులు ఈ భవనంలో బల్ల చుట్టూ మెట్ల మీద నిలబడి శవపరిచ్ఛేదం చూసేవారు. మేరీ షెల్లీ 1818లో ప్రచురించిన నవలలో విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ చదువుకున్నది ఈ ఊళ్లోనే. నవల వచ్చేనాటికి నిజమైన విశ్వవిద్యాలయం అక్కడ లేదు, 1800లోనే లాండ్‌షుట్‌కు, ఆ తర్వాత 1826లో మ్యూనిక్‌కు తరలిపోయింది. భవనం మిగిలింది. 1973 నుంచి అందులో జర్మన్ వైద్య చరిత్ర మ్యూజియం నడుస్తోంది. పెరట్లో ఔషధ మొక్కల తోట. ఆ బల్ల దగ్గర నిలబడ్డ వాళ్లకు వెన్నెముక గురించి తెలిసింది తక్కువేం కాదు: పూసకు ఎన్ని కొమ్ములు, నరం ఎక్కణ్ణుంచి బయటికొస్తుంది, అంతా కత్తితో విప్పి చూశారు. బతికున్న పిల్లవాడి పూస లోపల ఏముందో చూసే దారి మాత్రం వాళ్లకు లేదు.

ఆ దారి బవేరియాలోనే తెరుచుకుంది, వ్యూర్జ్‌బుర్గ్‌లో, 1895 నవంబరు 8న. రాంట్‌జెన్ ఎక్స్‌కిరణాలు గాలివాటుగా కనిపెట్టాడని కథలు చెబుతారు గానీ, ఆయన వారాల తరబడి గదిలో తలుపేసుకుని చేసిన పనిలో గాలివాటం పాలు తక్కువ. అయితే ఎక్స్‌రే ఈ గడ్డ విషయంలో అంతగా ఉపయోగపడలేదు. కాలి ఎముకలో నైడస్ బాగానే కనబడుతుంది. వెన్ను దగ్గర ఎముక మీద ఎముక, పేగుల్లోని గాలి, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగమైపోతాయి. ఎక్స్‌రేలో మామూలుగా ఉందని ఇంటికి పంపేసిన పిల్లలు ఎందరో. 1971లో హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సీటీ స్కాన్ వచ్చాక గానీ కథ మారలేదు. మిల్లీమీటరు మందాన ముక్కలుగా చూపించే సీటీలో నైడస్ స్పష్టంగా దొరుకుతుంది: తెల్లని గట్టి ఎముక మధ్య నల్లని గుండ్రని మచ్చ, ఒక్కోసారి దాని నడుమ మళ్లీ తెల్లని చుక్క.

ఇక్కడ ఒక చిత్రం. ఎక్కువ ఖరీదైన ఎమ్మారై కన్నా ఈ గడ్డకు సీటీయే మేలు. ఎమ్మారైలో నైడస్ చుట్టూ ఉన్న వాపు పెద్దగా వెలుగుతుంది, అసలు గింజ అందులో మునిగిపోతుంది. ఆ ఒక్క బొమ్మ చూసి చీమో, క్యాన్సరో అని కంగారుపడిన సందర్భాలు వైద్య పత్రికల నిండా ఉన్నాయి. నొప్పి ఎక్కడో తేలనప్పుడు టెక్నీషియం ఎక్కించి ఒళ్లంతా బోన్ స్కాన్ తీస్తారు. ఏ పూస దగ్గర మెరిసిందో చూసుకుని అక్కడ మాత్రమే సీటీ. పిల్లవాడికి రేడియేషన్ కూడా తక్కువ పడుతుంది. అలాగని ఎమ్మారై దండగ కాదు. వెన్నుపాము మీద, నరాల మీద ఒత్తిడి పడుతోందా అన్న ప్రశ్నకు దానిదే జవాబు.

చికిత్స చరిత్రంతా తక్కువ చేయడం నేర్చుకున్న చరిత్ర. మొదట్లో శస్త్రచికిత్స ఒక్కటే దారి. వీపు తెరిచిన సర్జన్‌కు ఎదురయ్యే మొదటి కష్టం, గడ్డ కనబడకపోవడం. పైనుంచి చూస్తే ఎముక ఎముకలాగే ఉంటుంది. నైడస్‌లో పిసరంత మిగిలినా నొప్పి తిరిగొస్తుంది కాబట్టి అనుమానం ఉన్నంత మేరా చెక్కేసేవారు. ఎముకలో చేరి అతినీల కాంతిలో పచ్చగా మెరిసే టెట్రాసైక్లిన్‌ను ముందుగా ఇచ్చి, ఆపరేషన్ గదిలో దీపాలార్పి గడ్డను వెతికినవాళ్లూ ఉన్నారు. ఎక్కువ చెక్కితే మరో సమస్య. పూసకూ పూసకూ మధ్య కీళ్లు పోతే ఎదిగే పిల్లవాడి వెన్ను నిలకడ తప్పుతుంది. దాన్ని నిలబెట్టడానికి స్క్రూలు, కడ్డీలు వేయాలి. కడ్డీలు వేసినచోట వెన్ను కదలదు. శనగగింజ కోసం అంత పని.

1992లో బోస్టన్‌లో డేనియల్ రోసెంతాల్ బృందం వేరే దారి చూపింది: గడ్డను తీయొద్దు, ఉన్నచోటే కాల్చేద్దాం. ఇప్పుడు చాలాచోట్ల ఇదే మొదటి చికిత్స. పిల్లవాడికి పూర్తి మత్తిచ్చి సీటీ యంత్రం బల్ల మీద బోర్లా పడుకోబెడతారు. చర్మం మీద కొలిచి గుర్తుపెట్టి, చిన్న గాటు గుండా సన్నని డ్రిల్ సూదిని ఎముకలోకి దింపుతారు. కాస్త దించడం, స్కాన్ తీయడం, కోణం సరిచూసుకోవడం, మళ్లీ దించడం. సూది మొన నైడస్‌ను తాకిన క్షణం ఒక్కోసారి తెర మీద కన్నా ముందు మత్తు డాక్టరుకు తెలుస్తుంది: ఒళ్లు తెలియని నిద్రలో ఉన్న పిల్లవాడి గుండె వేగం, ఊపిరి ఉన్నట్టుండి పెరుగుతాయి. ఆ గింజలో నరాల కొసలు ఎంత మేలుకుని ఉంటాయో దీన్నిబట్టి తెలుస్తుంది. సూది గుండా రేడియో తరంగాల విద్యుత్తు పంపి మొనను 90 డిగ్రీలకు వేడెక్కించి అయిదారు నిమిషాలు ఉంచుతారు. మొన చుట్టూ సెంటీమీటరు మేర కణాలు చచ్చిపోతాయి. సూది తీసి చిన్న కట్టు. మర్నాడు ఇంటికి. నూటికి తొంభై మంది దాకా ఒక్కసారితోనే నయమవుతుంది, రాత్రి నొప్పి కొద్ది రోజుల్లోనే పోతుంది.

వెన్నులో చిక్కేమిటంటే, ఆ సెంటీమీటరు లోపలే వెన్నుపామో నరమో ఉండొచ్చు. నరం 45 డిగ్రీలకే దెబ్బతినడం మొదలుపెడుతుంది. గడ్డకూ నరానికీ మధ్య గట్టి ఎముక గోడ ఉంటే కొంత రక్ష. అక్కడ పారే రక్తం, వెన్ను ద్రవం వేడిని మోసుకుపోవడం మరికొంత రక్ష. అదీ చాలదనుకుంటే నరం చుట్టూ చల్లని ద్రవం ఎక్కించి దూరం జరుపుతారు. దానికి సెలైన్ వాడరు. ఉప్పునీరు విద్యుత్తును మోస్తుంది, వేడి అక్కడికే చేరే ప్రమాదం. 5 శాతం డెక్స్‌ట్రోజ్ వాడతారు, మన ఆసుపత్రుల్లో 'గ్లూకోజు పెట్టారు' అంటామే, ఆ సీసానే. అన్నీ చూసుకున్నా ఎడం చాలకపోతే కాల్చడం మానుకుని శస్త్రచికిత్సకే వెళ్తారు. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు.

ఇదే జాతి గడ్డ రెండు సెంటీమీటర్లు దాటితే దాన్ని ఆస్టియోబ్లాస్టోమా అంటారు. 2018లో ఈ రెండింటిలోనూ ఫాస్ కుటుంబపు జన్యువులే తెగి వేరేచోట అతుక్కుంటున్నాయని కనుక్కున్నారు కాబట్టి బంధుత్వం అనుమానం లేనిది. స్వభావం మాత్రం వేరు. ఇది పెరుగుతూ పోతుంది, వెన్నుపాము కాలవలోకి చొచ్చుకొస్తుంది, ఇబుప్రోఫెన్‌కు అంతగా లొంగదు. కాళ్లు తిమ్మిరెక్కడం, నడక తడబడటం దీని ఆనవాళ్లు. దీన్ని సూదితో కాల్చి వదిలేయడం కుదరదు, సాధారణంగా శస్త్రచికిత్స చేసి తీయాల్సిందే. సూక్ష్మదర్శిని కింద ఒక్కోసారి ఎముక క్యాన్సర్‌ను పోలి ఉంటుంది కాబట్టి అలవాటున్న పెథాలజిస్టు కన్ను పడాలి. వెన్ను గడ్డలు అంత అరుదు, ఒక్క ఊళ్లో ఒక్క డాక్టరు వాటి మీద అనుభవం సంపాదించడం కష్టం. ఇంగోల్‌స్టాట్ పిల్లవాణ్ణయినా 80 కిలోమీటర్ల దూరాన మ్యూనిక్‌కు పంపాల్సి రావచ్చు. ఏలూరు పిల్లవాణ్ణి హైదరాబాదు పంపడమూ అందుకే.

మూడోది అన్యూరిజ్మల్ బోన్ సిస్ట్, పూసను లోపల్నుంచి ఉబ్బించే రక్తపు గదుల గడ్డ. ఎమ్మారైలో ఒక్కో గదిలో రక్తం తేరుకుని పైన పలుచని ద్రవం, కింద మడ్డి కనబడతాయి. చాలాకాలం ఇది గడ్డే కాదు, రక్తప్రసరణ దెబ్బతిని ఏర్పడిన మార్పు అనుకున్నారు. 2004లో 17వ క్రోమోజోము మీది యూఎస్‌పీ6 జన్యువు తారుమారవడం బయటపడ్డాక అది నిజమైన గడ్డేనని ఒప్పుకున్నారు. కోస్తే ధారాపాతంగా నెత్తురు. అందుకని తొడ దగ్గరి ధమని గుండా సన్నని గొట్టం పంపి గడ్డకు రక్తం పంపే నాళాన్ని మూసేస్తారు. ఒకప్పుడు ఇది ఆపరేషన్‌కు ముందు చేసే ఏర్పాటు. కొందరు పిల్లల్లో దీన్నే రెండు మూడుసార్లు చేస్తే గడ్డ ఎముకగా గట్టిపడిపోయింది, కత్తి అవసరమే రాలేదు.

తెలుగు నేల మీద పనిచేసే డాక్టరుకు అన్నిటికన్నా గట్టి పరీక్ష మాత్రం వేరే. ఆరేళ్ల పిల్లకు వెన్నునొప్పి, ఎక్స్‌రేలో ఒక పూస అణగారి నాణెం అంత పలచగా ఉంది. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నారు. వెన్నుకు పట్టే టీబీ మనకు కొత్త కాదు. చూడగానే టీబీ అనిపించడం తప్పు కాదు. కానీ టీబీ సాధారణంగా రెండు పూసల మధ్య మెత్తని డిస్కు దగ్గర మొదలై, డిస్కును తినేసి, పైనా కిందా రెండు పూసల్నీ పట్టుకుంటుంది, పక్కన చీము చేరుతుంది. పైనా కిందా డిస్కులు నిక్షేపంగా ఉండి, మధ్యలో ఒక్క పూసే కూలిపోతే లాంగర్‌హాన్స్ కణాల జబ్బును తలుచుకోవాలి. 1868లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ ఇంకా విద్యార్థిగా ఉండగానే చర్మంలో చూసిన కణాల పేరు దీనికి పెట్టారు. 1925లో ఫ్రాన్స్‌లో జాక్ కాల్వే ఇలా అణగిన పూసల్ని వర్ణించినప్పుడు రక్తం అందక కూలాయనుకున్నాడు. 1950లలో గానీ ఈ కణాల ప్రమేయం తేలలేదు. ఆనవాళ్లు అన్ని వేళలా నిలబడవు, పిల్లల టీబీ డిస్కును వదిలేసిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి సందేహం ఉంటే సూదితో ముక్క తీసి పెథాలజీకీ, టీబీ జన్యు పరీక్షకూ రెండింటికీ పంపాలి. ముక్క తీయకుండానే ఏడాది పాటు టీబీ మందులు మింగించడం మన దగ్గర ఇంకా జరుగుతోంది. అవి కాలేయాన్ని దెబ్బతీయగల బరువైన మందులు, ఊరికే ఇచ్చి చూసేవి కావు.

లాంగర్‌హాన్స్ కణాల జబ్బు ఒళ్లంతా పాకినప్పుడు విన్‌బ్లాస్టిన్, ప్రెడ్నిసలోన్ ఇస్తారు, కొన్ని చికిత్సా పద్ధతుల్లో మెథోట్రెక్సేట్ కూడా. ఆ మందు పుట్టింది భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లే సంస్థలో నడిపిన పరిశోధనల్లోంచి. ఆయన పుట్టింది కూడా రాంట్‌జెన్ ఎక్స్‌కిరణాలు కనిపెట్టిన 1895లోనే.

ఒక్క పూసకే పరిమితమై, నరాల మీద ఒత్తిడి లేకపోతే ఇంత కూడా అక్కర్లేదు. నొప్పికి మందు, కొన్నాళ్లు వెన్నుకు బెల్టు, క్రమం తప్పని ఎక్స్‌రేలు. జబ్బు దానంతటదే చల్లారుతుంది. అంతకన్నా వింత, కూలిన పూస మళ్లీ ఎదుగుతుంది. పూస పైనా కిందా ఉండే ఎదుగుదల పొరలు ఈ జబ్బులో చాలావరకు బతికే ఉంటాయి. వాటిని గీకి తీసే ఆపరేషన్ చేస్తేనే ఎదుగుదల ఆగిపోతుంది. చిన్న వయసులో జబ్బు వస్తే పూసకు ఎదిగే ఏళ్లు ఎక్కువ కాబట్టి ఎత్తు ఎక్కువగా తిరిగొస్తుంది, టీనేజిలో వస్తే తక్కువ. నాణెమంత అయిన పూస కొన్నేళ్లకు దాదాపు పక్క పూసంత కావడం వరస ఎక్స్‌రేల్లో కనబడుతుంది. ఆ కొన్నేళ్లూ డాక్టరు రాసే చీటీ మీద చాలాసార్లు మందు పేరు ఉండదు, తర్వాతి ఎక్స్‌రే తేదీ ఉంటుంది. తల్లిదండ్రులు అడిగేది మాత్రం ఎప్పుడూ ఒకటే, పిల్ల గెంతొచ్చా అని. పూస గట్టిపడే దాకా వద్దని, ఆ తర్వాత పరుగెత్తనివ్వమని చెబుతారు.